యజమాని అనే గడి

కాదు లావణ్యమ్మా, అర్థం కాక అడుగుతాను. ఈ వీధిలో ముప్పై ఇళ్ళుంటే సచివాలయం ట్యాబుకి నా గుమ్మమే కనపడిందేటి?

రా, తీగ మీద ఆ చొక్కా పక్కకి జరిపి లోపలికి రా. ఆ కుర్సీలో కూర్చోకు తల్లీ, దాని కాలు ఇరిగింది. ఎదురింటి గణేశ్వరరావు మాస్టారి కోసం అట్టేపెట్టాను.

ఏటీ, కొత్త చట్టమా? ఇంకా రాలేదు, రాబోతోంది, ముందుగా ఇళ్ళు రాసుకుంటున్నారు. బావుంది. రోజు అద్దెకి గదులిచ్చేవాళ్ళంతా రిజిస్టరు సేయించుకోవాలి, కెమెరా పెట్టాలి, మంటలార్పే సిలిండరు పెట్టాలి. రెండు గదులకీ ఒక గీజరుకీ ఇంత హడావిడా?

లంబసింగి మంచు కోసం వచ్చేవాళ్ళు నా ఇంట్లో ఎంతసేపుంటారు? సాయంత్రం దిగుతారు. నా సేతి పులుసు తింటారు. తెల్లారకుండా కారెక్కి కొండకి పోతారు. మంచు పడదు. తిరిగొచ్చి నాకు రెండు స్టార్లిచ్చి పోతారు. మంచు నేను పంపిస్తానేటి?

నా పేరు మాస్టారే సెప్పారా? అనుకున్నాను. ఆయన అద్దె గదుల బోర్డు సదివావా? 'హిల్ వ్యూ'. కిటికీ తీస్తే కనపడేది మా పక్కింటి రామాయమ్మ నీళ్ళ ట్యాంకు. దాని మీద ఆవిడ వడియాలు ఎండబెడతాది. వైజాగు వాళ్ళు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగారు. అదీ రాసుకో.

రామాయమ్మ గదులివ్వనందా? నిజమే, ఇవ్వదు. శని ఆదివారాలు సుట్టాలొస్తారు, అంతే. ప్రతివారం కొత్త సుట్టాలు. మొన్నొకాయన బెంగాలీలో మాట్లాడాడు. వియ్యపురాలి తరపంట.

ఊఁ, అడుగు. పేరు నూకరత్నం. గదులు రెండు. బాత్రూమొకటి. ఆఁ, తరవాతది?

ఏటీ? మళ్ళీ సదువు.

'యజమాని అదే ఇంట్లో నివాసం ఉండవలెను.' ఉండకపోతే అనుమతి ఇవ్వరా?

నవ్వకేటి సెయ్యమంటావు! మా అమ్మ జన్మలో మా నాన్న పేరు పలకలేదు. 'మా యజమాని' అనేది. నాకూ అదే అలవాటయింది. యజమాని ఇంట్లోనే కాపురముండాలని చట్టమా! రాసినాయనెవరో గానీ తొమ్మిదేళ్ళు ఆలస్యంగా రాశాడు తల్లీ.

ఏం లేదులే, నువ్వు కానియ్యి. ఇంటిపన్ను కాగితమా? ఇదిగో. దాని మీద పేరు మన్మథరావు, మా ఆయనే. పాయకరావుపేటలో ఉద్యోగం. వీధిలో ఎవర్నడిగినా సెబుతారు.

సంతకం ఆయనే పెట్టాలా? నేను పెడితే? ఎన్నాళ్ళు గడువు? పదిహేను రోజులేనా?

ఆ తలుపు దగ్గరకెయ్యి. రామాయమ్మ వడియాలు ఇందాకటి నుంచీ తిరగేస్తానే ఉంది. పాపం, వాటికి కళ్ళు తిరుగుతాయి.

ఉద్యోగం లేదు లావణ్యమ్మా. పాయకరావుపేటలో ఉన్నది ఇంకో కాపురం.

తొమ్మిదేళ్ళు. ఆదివారం ఆదివారం నేను ఉతికి ఆరేసేది ఆయన వదిలెళ్ళిన ఆ ఒక్క చొక్కాయే. నువ్వు జరిపొచ్చావే, అదే. రంగు ఎలిసిపోయింది గానీ, అన్ని కళ్ళున్న రామాయమ్మ పసిగట్టలేదు. 'మీ ఆయన రాత్రొచ్చి పొద్దున్నే ఎల్లిపోతాడేటే, ఎప్పుడూ కనపడడు' అంటాది. ఆవిడ అల్లుడి ఊసెత్తుతాను. నోరు మూస్తాది.

ఎవరింట్లో ఎవరు అలిగారో సాయంత్రానికల్లా నేనే సెప్పేస్తానని వీధంతా తిట్టుకుంటారు, తెలుసు. నేను సెబుతున్నంతసేపూ నన్నెవరూ అడగరు కదా.

ఆయన దగ్గరికెల్లి సంతకం అడగమంటావా? ఆవిడ తలుపు తీస్తే ఏటనాలి? 'అమ్మా, మా ఇంటి యజమానిని ఓసారి పిలుస్తావా' అనాలా?

ఎల్లను. ఆ బస్సు ఎక్కను. ఈ రెండు గదుల మీదే నా పొయ్యి ఎలుగుతోంది. నిజమే. అయినా ఎల్లను.

ఇల్లు కారితే రేకులేయించింది నేను. గీజరు కొన్నది నేను. దుప్పట్లుతికి నడుం పడిపోయింది నాది. ఆయనేం సేశాడంటే కాగితం మీదున్నాడు.

అభ్యంతరాలు రాసే గడి ఉందన్నావే, అందులో రాయి. ఇంట్లో ఉన్నవాళ్ళే యజమాని అని చట్టంలో పెట్టమను. రాయి, తప్పుల్లేకుండా రాయి. పై గడిలో యజమాని: నూకరత్నం. నివాసం: ఇక్కడే, ఒక్క రోజు కూడా పోలేదు. సంతకం ఎక్కడ?

సెల్లదా? నీ మీదకొస్తుందా? ముసల్ది మాట వినలేదని రాయి. గదులు మూయించేస్తే నేనూ సుట్టాలొచ్చారంటాను. నాకు మాత్రం ఒక బెంగాలీ వియ్యపురాలు దొరక్కపోతాదా!

లేస్తున్నావా? ఆ చొక్కా తీసి ఇలా పడెయ్యి. కుర్సీ కాలికి కట్టాలి.

తలుపు తీసే ఉంచు. రామాయమ్మ నిన్ను ఆపి అడుగుతాది, నువ్వేం సెప్పకు. నీకు సెప్పడం రాదు, మధ్యలో జాలి పడతావు. ఆవిణ్ణి బేగి ఇలా రమ్మను.

ఈ కబురు నేనే సెబుతాను.