మీ తాత తాగెటోడు గాదు

"అవ్వా, నా జనపనార సంచుల పనికి గ్రాంటు ఒచ్చింది. వచ్చే వారం ఇంటికొచ్చి వీడియో తీస్తరంట. నువ్వు ముందుగాల ఇట్ల తీపిచ్చుకున్నవ్ గదా. ఏం మాట్లాడాల్నో జెప్పవా?"

వీడియోనా? ఆగు రూతమ్మా, గా ఫ్యాను జర తక్కువ జెయ్యి, దాని సప్పుడుకు నా మాట నాకే ఇనబడుతలేదు. ఆఁ, కూసో. గ్రాంటు ఒచ్చిందంటె మస్తు సంతోషం బిడ్డా. మీ అమ్మమ్మ, అదే మా సెల్లె, ఉంటె ఎంత మురుస్తుండెనో. దానిది గూడ సేతిల పనే. దూలపల్లిల కంపెనీలకు పోయి అట్టడబ్బలు అతికిస్తుండె, ఒక్క డబ్బ వంకర పోకపోతుండె. సరే, గది మల్ల జెప్త. వీడియో అంటె మాత్రం నాకు ఇయ్యాల్టికి గూడ కడుపుల మంట లేస్తది. ఇను. నడుమల ఫోను సూడకు.

మీ తాతను, అదే నా పెనిమిటిని, నువ్వు సూడలే గదా. టైలర్ పని ఆయనది. మా నాయినది రావల్కోల్ల ఎవుసం. నన్ను ఈయనకు ఇస్తున్నడని మా సుట్టాలు గునిసిండ్రు, భూమి లేనోనికి పిల్లనిస్తవా అని. మా నాయిన ఏమన్నడంటె, భూమి లేకున్న సేతిల కత్తెర ఉన్నది, మనిషి బీడీ గూడ ముట్టడు, గంతకన్న ఏం గావాలె అన్నడు. గట్ల నేను ఈ మచ్చ బొల్లారానికి ఒచ్చిన. గప్పుడు ఇక్కడ గిన్ని ఇండ్లు యాడియి? చాయ్ పావలా ఉండె. కాదు కాదు, పావలా అంతకుముందు, నా పెండ్లి నాటికి జర పెరిగింది. ఏమో, యాదికి లేదు.

ఆయనది రోడ్డు మీద సిన్న డబ్బా కొట్టు. స్కూలు బట్టలు, మిలిట్రోళ్ల ప్యాంట్లు కుట్టెటోడు. కత్తిరిచ్చినంక మిగిలిన ముక్కలు ఉంటయ్ సూడు, గవి ఎవ్వలైన పారేస్తరు. ఈయన సంచిల ఏసుకొని ఇంటికి తెచ్చెటోడు. ఆదివారం చర్చి నుంచి ఒచ్చి, ఇంత అన్నం తిని, గచ్చు మీద ముక్కలన్ని పరిచెటోడు. ఎర్రది ఇక్కడ, బూడిద రంగుది దాని పక్కకు, మల్ల తీసి ఇంకో తాన. నేనేమో కుడుదాం తే అని సూది పట్టుకొని కూసుందును. ఆగు, ముందుగాల కండ్లతోని కుట్టాలె, సూదితోని తర్వాత అనెటోడు. నాకు బొంత కుట్టుడు ఒస్తుండె, మా అవ్వ నేర్పింది, పాత సీరలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టెటిది. గని రంగు పక్కన రంగు పెట్టుడు మాత్రం నాకు ఆయన నేర్పిందే. గిది నువ్వు మనసుల పెట్టుకో.

నా మీద ఒక్కనాడు సెయ్యి లేపలే. కోపమొస్తె కొట్టు తాళం దీస్కొని పోయి రెండు గుండీలు కుట్టుకొని ఒచ్చెటోడు, గంతే.

ఆఖరుకు ఊపిరితిత్తులు ఖరాబైనయ్. బట్టల దుమ్ము అన్నరు డాక్టర్లు. కత్తెర పట్టుకునే సత్తువ లేకపోయె. మంచంల పండుకొనే, నేను కింద ముక్కలు పరుస్తుంటె, ఏలుతోని సూపిచ్చెటోడు, గది తీసి ఇక్కడ పెట్టు అని. గట్లనే పోయిండు. ఆ బొంత సగంల ఆగింది. సగంలనే ఉన్నది ఇప్పటికి, నేను పూర్తి జెయ్యలే.

అంటె ఇగ... ఏం జెప్తున్న? ఆఁ, సునంద. మా కోడలు నీకు ఎర్కే గదా, డిగ్రీ సదివింది. మా వాడు మేడ్చల్ల కంపెనీ వ్యాను నడుపుతడు, పొద్దుగాల పోతె మాపటికి ఒస్తడు. ఇది ఇంట్ల ఊకె కూసోక నా బొంతలు ఫోటోలు కొట్టి ఫోన్ల పెట్టింది. ఎవరెవరో అడుగుడు షురూ జేసిండ్రు. మన చర్చి ఆడోళ్లు నలుగురైదుగురు కలిసిండ్రు. గప్పుడే సిటీల ఒక సంస్థోళ్లు గ్రాంటు ఇస్తమన్నరు. పేరెందుకు లే. అప్పు గాదంట, తిరిగి కట్టనక్కర లేదంట. తిరిగి కట్టనక్కర లేని పైస యాడన్న ఉంటదా అని నేను అన్న. ఉంటదత్తమ్మా, పని నేర్పెతందుకు ఒక మనిషిని గూడ పంపుతరు, మెంటర్ అంటరు అన్నది.

గట్ల ఒచ్చింది హారిక. కొంపల్లి దిక్కు కొత్త కాలనీల ఉంటది, ఆంధ్రోళ్ల పిల్ల, అమ్మగారూ, అండీ అని మాట్లాడేది. అబద్ధమెందుకు బిడ్డా, మంచిగ నేర్పింది. రంగు పోతదో పోదో ముందుగాల ఉప్పునీళ్లల ముంచి సూడాలె అని జెప్పింది. మేము దారం ఖర్సు మందం పెట్టుకొని అమ్ముకుంటుంటిమి. మీరు కూర్చుని కుట్టిన పూటకు ధర లేదాండీ అని కోపం జేసి, మా కష్టాన్ని లెక్కల ఏపిచ్చింది. రెండు మిషన్లు ఒచ్చినయ్. నేను కుట్టిన బొంత ఎవరో బెంగళూరోళ్లు కొన్నరు. మీ తాత ఉంటె నమ్మకపోతుండె.

ఇగ వీడియో దినం. కెమెరా పట్టుకొని ఇద్దరు ఒచ్చిండ్రు. నేను చర్చికి కట్టుకునే మంచి సీర కట్టుకున్న. గది ఒద్దు, పాతది కట్టుకోమన్నరు. కుర్సీల కూసుంటె కిందికి దిగమన్నరు. ఫ్రిజ్జు కనబడుతున్నదని దాని మీద దుప్పటి కప్పిండ్రు. ఏందిది, ఫ్రిజ్జు మేము దొంగతనం జేసినమా? మా వాడు కష్టపడి కొన్నడు. హారికను అడిగితె, వాళ్లకి అలాగే కావాలటండి అని తల ఒంచుకున్నది. సరే తియ్, పని నేర్పినోళ్లు గదా అని ఊకున్న. కష్టాలు జెప్పమన్నరు. నేను మీ తాత పోయిన సంగతి జెప్పిన, మంచంల నుంచి ఏలు సూపిచ్చిన సంగతి. జెప్తుంటె కండ్లల్ల నీళ్లు ఒచ్చినయ్. ఆ నీళ్లనే దగ్గరికొచ్చి తీసుకున్నరు.

తర్వాత శామీర్‌పేట దిక్కు ఒక పెద్ద తోటల మీటింగు పెట్టిండ్రు. గ్రాంటు ఒచ్చినోళ్లందరిని పిలిచిండ్రు. కుండలు జేసెటోళ్లు, వెదురు బుట్టలోళ్లు, మేమిద్దరం, అంటె నేను, సునంద. సల్లగ ఏసీ ఉన్న హాలు, ముంగట పెద్ద తెర. ఒకలొకల వీడియో ఏస్తున్నరు. మాది ఒచ్చింది. నా మొఖమే గింత పెద్దగ. నా మాట లేదు బిడ్డా. నా నోరు కదులుతున్నది, మాట ఎవరిదో. టీవీ వార్తలు సదివే గొంతు. తాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తిన్న మరియమ్మకు సూదే ఆసరా అయింది అంటాంది. తిండి లేదంట, రోడ్డున పడ్డదంట, సూది పట్టుకొని బతికిందంట. నేను ఆయన కోసం ఏడ్చిన ఏడుపు ఉన్నది సూడు, గది తీసి ఆయన కొట్టిన దెబ్బలకు పెట్టిండ్రు.

ముందు వరుసలోళ్లు అయ్యో అయ్యో అంటున్నరు. సునంద దిక్కు సూస్తె దాని మొఖం తెల్లగైంది. ఇగ మమ్మల్ని పైకి పిలిచిండ్రు, సాల్వ కప్పిండ్రు, సంస్థ పెద్ద సారు మైకు నా సేతిల పెట్టి, రెండు మాటలు చెప్పమ్మా అన్నడు.

మేము మొగని పేరు నోట్లకెల్లి తియ్యం గదా. ఆయన బతికున్నన్ని దినాలు ఒక్కసారి పేరు పెట్టి పిలువలే. ఆ దినం పిలిచిన.

"నా పెనిమిటి పేరు సామేలు. ఆయన తాగలే. నన్ను కొట్టలే. ఈ బొంతల రంగులు ఆయన నేర్పిన పని. మీరు సూసింది అబద్ధం."

గంతే. మైకు ఇచ్చేసి దిగిన. సప్పట్లు లేవు. వెదురు బుట్టలామె ఒక్కతి లేసి నాకు కూసునే జాగ ఇచ్చింది.

ఆటోల ఒస్తుంటె సునందను అడిగిన, గీ మాటలు వాళ్లకు యాడికెల్లి ఒచ్చినయ్ అని.

"అత్తమ్మా, అది మా నాయిన సంగతి," అన్నది. "మా అమ్మ పడ్డ దెబ్బలు. బొంతలు మడత పెట్టుకుంట హారికకు జెప్పుకున్న, అక్క లెక్క అనుకొని."

హారిక పోయి ఆఫీసుల రాసిచ్చిందంట, ఈ ఇంటోళ్లు గిన్ని కష్టాలు పడ్డరని. ఆఫీసోళ్లు ఏం జేసిండ్రు? పిల్ల మొఖం కన్న ముసల్దాని మొఖం మంచిగుంటది అనుకున్నరు. దాని బాధ కోసి నా మొగని మీద కుట్టిండ్రు. వాళ్లకు ఇద్దరం ఒకటే గుడ్డ. మా కోడలు పెండ్లయి ఒచ్చినప్పటి సంది తండ్రి మాట నా తాన ఎత్తలే. గంత లోపల దాచుకున్నది తీసి తెర మీద ఏసిండ్రు, అది గూడ దొంగ పేరుతోని.

తెల్లారి ఇద్దరం ఆఫీసుకు పోయినం. గా సారు కాఫీ తెప్పిచ్చిండు. నేను ముట్టలే. ఫోన్లల్ల పెట్టిన గా వీడియో తీసెయ్యండి సారు అన్న. ఆయన నవ్వుకుంట అంటడు గదా:

"ఇద్దరూ ఒకే ఇంటివాళ్లే కదమ్మా. ఎవరి కష్టమైతే ఏముంది? చూసినవాళ్ల మనసు కరగాలి, అంతే."

నేను నోరు తెరిచేలోపల సునంద అందుకున్నది. గా పిల్ల గొంతు పెద్దగ జేసుడు నేనెన్నడు ఇనలే, ఆ దినం గూడ జెయ్యలే.

"మా నాయిన తాగిండు సార్. అది నేను మోసుకుంట. అమ్ముకోమని మీకియ్యలే."

సారు నవ్వుడు ఆపిండు. వీడియో తీసేస్తె రెండో ఏడు గ్రాంటు గురించి మల్ల ఆలోచన జెయ్యాల్సొస్తది అన్నడు. మంచిగ ఆలోచన జేసుకో అని లేసి ఒచ్చినం. వాళ్లు వీడియో తీసేసిండ్రు. రెండో ఏడు గ్రాంటు గూడ ఇయ్యలే. ఎట్ల అన్న కానియ్యి, మిషన్లు మా తాననే ఉన్నయ్, గిరాకి మా తాననే ఉన్నది, చర్చి ఆడోళ్లు ఒక్కలు గూడ పోలే.

హారిక ఒక ఆదివారం చర్చి బయట నిలబడ్డది, లోపలికి రాలే. ఆరాధన అయినంక నా సేతులు పట్టుకొని ఏడ్చింది. నేను రిపోర్టులో రాశానండి, ఇలా వాడతారనుకోలేదు అన్నది. ఉద్యోగం ఇడిచిపెట్టిందంట. నేర్పినందుకు దండం తల్లీ, గని సెవుల పడ్డ మాట కాయితం మీద ఎందుకు పెట్టినవ్ అన్న. సునంద మాత్రం ఆమెను సూసి ఆగకుంట పోయింది. ఇప్పటికి ఆమె మాట ఎత్తితె సూది మీదికెల్లి తల లేపదు. నేను గూడ బలిమి జెయ్య.

మరి వీడియో పోయిందా అంటె, యాడ పోతది? ఎవరెవరి ఫోన్లల్ల తిరుగుతనే ఉన్నది. మా వాని కంపెనీల గూడ ఎవడో సూపిచ్చిండంట, మీ నాయిన గిసొంటోడా అని. వాడు ఆ పూటకు వ్యాను తాళాలు ఆఫీసు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చి, నా పక్కకు కూసున్నడు. మొన్నటికి మొన్న బొంత కొనెతందుకు కాలనీ నుంచి ఒకామె ఒచ్చి, పాపం, మీ ఆయన చాలా కష్టపెట్టారటగా అన్నది. కూసోపెట్టి మొత్తం జెప్పిన. ఎంతమందికని జెప్పాలె చెప్పు? సమాధిల ఉన్నోడు లేసొచ్చి, నేను తాగలేరా అని జెప్పుకుంటడా? ఇజ్జత్ తోని బతికిన మనిషి. వాళ్లకు ఒక్క నిమిషం వీడియో. నాకు బతికినంత కాలం గిదే పని.

నువ్వు గ్రాంటు ఒద్దనకు, నేను గట్ల అంటలే. తీస్కో, పని నేర్చుకో, మిషన్లు తెచ్చుకో. గని మంచి సీర కట్టుకో. కుర్సీలనే కూసో. ఏసెముందు నాకు సూపియ్యాలె అని ముంగటనే అడుగు. మీ కష్టమేంది అని అడుగుతరు సూడు, అడగనియ్యి. నీ మొగడు బండి మీద నీ సంచులు ఏసుకొని షాపు షాపు తిరుగుతడు గదా, ఎండల, వానల? గది ఎవ్వలు అడగరు బిడ్డా. నువ్వే జెప్పు. వాళ్లు కెమెరా బంద్ జేసినా జెప్పు. ఆ పిలగాని పేరు మంచిగ, గట్టిగ జెప్పు... దేవుడు మీ ఇద్దరిని సల్లగ సూడాలె.