పెరట్టులో పలికినవాడు

మలేసియా, బంటింగ్‌లో మా ఇంటి వంటగది. సాయంత్రం నాలుగు దాటింది. బల్ల దగ్గర నేనూ, మా అమ్మాయి మోహనప్రియా. ఐదింటికి స్కాట్లండ్ నుంచి ఫోను రావాలి.

"ఆపమని సెప్పు. అంతే."

"ఏం ఆపమనాలమ్మా? రేపు పొద్దున రాయి చెక్కుతారు. అక్కడి ఊరంతా ఒప్పుకుంది. చర్చివాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది నువ్వొక్కదానివే."

"నానొప్పుకోను."

"ఎందుకో చెప్పు మరి."

"మనకెందుకే ఆల్ల గొడవ? ఎక్కడో సలిదేశం. మనుసుల కంటే గొర్రెలే ఎక్కువని నువ్వే సెప్పినావు."

"మనుషులు కూడా ఉన్నారు లా. మూడొందలమంది. చర్చి గేటు దగ్గర, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంది. ఇరవై మూడు పేర్లు. ఆ పేర్లన్నీ ఎవరివి, ఎక్కడ పోయినారు, ఎలా పోయినారు అని ఒక్కొక్కటే వెతుకుతున్నారు. పదిహేడో పేరు మన పాత రబ్బరు తోటలో చిన్నదొర. అసిస్టెంటు మేనేజరు. అందుకే ఆ పేరు నేను తీసుకున్నాను. నాలుగు నెలల నుంచి చెప్తున్నా, నువ్వు వింటేగా."

"నువ్వు ల్యాప్‌టాప్ ముందు కూసుంటే పెల్లికొడుకుని ఎతుకుతున్నావనుకున్నాను."

"దొర దొరికినాడు."

"దొర పేరు రాసుకోనీ. ఆల్ల దొర, ఆల్ల రాయి. మన పేరెందుకు మద్దిని?"

"ఎన్నిసార్లు చెప్పాలి? జపాన్‌వాళ్ళు సయాం అడవిలో రైలుదారి వేసే పనికి దొరనీ తీసుకెళ్ళినారు, మన తోట కూలీలనీ తీసుకెళ్ళినారు. క్యాంపులో దొరకి జబ్బు చేసింది. మన తోట కూలీ ఒకడు పన్నెండు రోజులు కంచె కిందనుంచి గంజి అందించినాడు. పట్టుబడి దెబ్బలు తిన్నాడు, మర్నాడు మళ్ళీ ఇచ్చినాడు. ఇదంతా పక్కనున్న సోల్జరు డైరీలో రాసుకున్నాడు. దొర పోయినాడు. వారం తిరక్కుండా కలరా వచ్చి కూలీ కూడా పోయినాడు. పేరు కూడా రాసినాడమ్మా. అచ్చయ్య. మీ తాత పైడిరాజుకి అన్న."

"ఊఁ."

"దొరల పేర్ల కింద ఆ పేరు చెక్కుతామంటున్నారు. ఒక తోట కూలీ పేరు. సంతోషం లేదా నీకు?"

"సంతోసమే."

"సంతోషం మొహం ఇలా ఉంటుందా?"

"ఆ రాయి మీద పేరెక్కితే ఆ పేనం అక్కడే ఉండిపోద్ది. సలిలో."

"అమ్మా."

"కిరస్తానీ రాయి కద."

"దీపావళి ముందురోజు పోయిన పెద్దోళ్ళకి అరిటాకేసి, బీరు సీసా పెట్టి, సిగరెట్టు కూడా వెలిగించి పెడతావు. వాళ్ళకి రాయి ఒకటి వద్దా?"

"ఆ ఫోన్ సేసే ఆడమనిసి ఎవరో, ఎలాటిదో. మొన్న మోరిబ్‌లో ఒకాయనకి ఇలాగే ఫోన్ వచ్చిందంట. తియ్యగా మాటాడి బేంకంతా ఊడ్సీసినారంట."

"మార్గరెట్‌కి డెబ్భై తొమ్మిదేళ్ళు. బడిలో టీచరుగా చేసింది. ఈ పేర్లు వెతికే పనంతా ఆవిడదే."

"ముసిలోల్ల సేతే సేయిత్తారంట. ఎవురికీ అనుమానం రాదని."

"సరే. దొంగ కాదనుకో. ఇంకేం భయం?"

"పోలీసులొత్తే?"

"రాయి ఉన్నది స్కాట్లండ్‌లో. బంటింగ్ పోలీసు ఎందుకొస్తాడు లా?"

"దారి కనుక్కుని మరీ వత్తారు ఆల్లు."

"నువ్వు ఒకదాని తర్వాత ఒకటి చెప్తూ ఉండు. నేను ఈ ఫారం పంపించేస్తాను."

"ఏటది?"

"పేరు సరైనదేనని కుటుంబం నుంచి ఒక సంతకం. అంతే. నువ్వు పెట్టకపోతే నేను పెడతాను."

"పెట్టకు."

"పెడతా."

"తప్పు సంతకం పెట్టకు పాపా."

"తప్పేంటి?"

"ఏటీ నేదు. టీ సల్లారిపోతంది, తాగు."

"తప్పు సంతకం అన్నావు."

"నోరు జారింది."

"నీకు నోరు జారదు. నువ్వు కూరలో ఉప్పేసినా రెండుసార్లు ఆలోచించి వేస్తావు. తప్పేంటి?"

"తలుపు ముయ్యి."

"ఇంట్లో ఎవరున్నారని?"

"పక్కింటామె కిటికీ తీసుంది. ముయ్యి."

"మూసినాను. చెప్పు."

"అచ్చయ్య సయాం ఎల్లనేదు."

"డైరీలో ఉందమ్మా. నేను ఫోటో చూసినాను."

"డైరీలో ఉన్నాది పేరు. ఎల్లిన మనిసి వేరు."

"నాకు అర్థం కావట్లేదు."

"పెరట్టు అంటే తెలుసు కద. తెల్లారకుండా కూలీలందరినీ వరసలో నిలబెట్టి పేర్లు పిలిసీవోరు. ఆ రోజు పేర్లు రాసే గుమస్తా, కిరాణి, పక్కన జపానోడు తుపాకీతో నిలబడినాడు. ఇంటికొక మొగోడు సయాం ఎల్లాల. కిరాణి పుస్తకం సూసి 'అచ్చయ్యా' అని పిలిసినాడు. పైడిరాజు ముందుకెల్లి 'ఉన్నాను' అన్నాడు."

"అన్న పేరుకి తమ్ముడు పలికినాడా?"

"అన్నకి పెల్లాం, ముగ్గురు పిల్లలు. తమ్ముడికి పందొమ్మిదేల్లు. పెల్లి కానేదు. పలికినాడు, లారీ ఎక్కినాడు. అంతే."

"కిరాణికి ఇద్దరూ తెలుసు కదా?"

"తెలుసు. తల ఎత్తకుండా టిక్కు పెట్టినాడంట. జపానోడికి మనుసుల లెక్క కావాల, మొహాలతో ఏటి పని?"

"ఆగాగు. అయితే మీ తాత..."

"అచ్చయ్యే. నన్ను సైకిలు ఎనకాల కూసోబెట్టుకుని బడికి తీసుకెల్లినోడు అచ్చయ్య. ఎనభై ఒకటిలో ఈ ఊర్లో, మంచం మీద, అందరం సుట్టూ ఉండగా పోయినోడు అచ్చయ్య. సయాం అడివిలో పోయినోడు పైడిరాజు. ఇప్పుడు నువ్వు అచ్చయ్య అని సెక్కించినావనుకో. మంచం మీద పోయినోడికి రాయి. అడివిలో పోయినోడికి ఏటీ నేదు."

"అలమాక్, ఇదేంటమ్మా. తాత ఐసీలో, గుర్తింపు కార్డులో, పైడిరాజు అని ఉంది. సమాధి కాగితంలో కూడా."

"ఉండదేటి మరి? యుద్ధం అయ్యేక తోట పుస్తకంలో అచ్చయ్య సచ్చిపోయినాడు. బతికున్నాది పైడిరాజు. ఐసీకి ఫోటోలు తీసినప్పుడు ఆ పుస్తకమే సూసి పిలిసినారు. అప్పుడు ఇక్కడ తెల్లోల్ల ఎమర్జెన్సీ. ఒకడికి రెండు పేర్లున్నాయంటే అడివిలో కమ్యూనిస్టులకి బియ్యం మోసీవోడే అనీవోరు, పట్టుకుపోయీవోరు. తాత తమ్ముడి పేరుకి 'ఉన్నాను' అన్నాడు. సచ్చీదాకా ఆ పేరుకే పలికినాడు."

"తోటలో ఒక్కరూ చెప్పలేదా?"

"తెలిసినోల్లు సగం సయాంలోనే పోయినారు. మిగిలినోల్లు మనోల్లు, నోరు కట్టుకున్నారు."

"మరి మీ అవ్వ? ఆవిడేమని పిలిచేది?"

"మొగుడి పేరు ఆడది పలక్కూడదు కద. అదే కలిసొచ్చింది. 'ఇదిగో' అంటే పలికీవోడు."

"నీకెవరు చెప్పినారు?"

"అవ్వ. పోయేముందు. నానొక్కదాన్నే ఉన్నాను పక్కని. ముప్పై నాలుగేల్లయింది."

"నాన్నకి తెలుసా?"

"మీ నాన్నకి సెప్తే కోపీ కొట్టోడికి సెప్పినట్టే, ఊరంతా తెలిసిపోద్ది."

"అందుకేనా రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎప్పుడెళ్ళినా నువ్వు గుమ్మం బయటే నిలబడేదానివి?"

"నీ పుట్టిన సర్టిఫికెట్టుకి ఎల్లిన రోజు మూడుసార్లు వరస వదిలి బయటికొచ్చీసినాను. వేడి సేసిందన్నాను."

"అమ్మా, ఒక పని చేద్దాం. మార్గరెట్‌కి ఏమీ చెప్పొద్దు. అచ్చయ్య అనే ఉండనీ."

"ఏటి?"

"డైరీలో అచ్చయ్య అనే ఉంది. రాయి మీదా అదే ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు."

"ఇందాక పోలీసు రాడన్నావు."

"ఇందాక నాకు తెలీదు కదా. మీ తాత ఐసీ తప్పయితే మీ నాన్న మునుసామి తాత కాగితాలూ తప్పే. తర్వాత నీది, తర్వాత నాది. వచ్చే నెల నాకు గవర్నమెంటు ఇంటర్వ్యూ. ఎవడో ఒకడు ఇంటర్నెట్లో చూసి పైకి పంపితే?"

"అచ్చు నాలాగే మాటాడుతున్నావు."

"నవ్వకు."

"నవ్వడం నేదు. నా గొంతు బయటినుంచి ఇంటే ఎంత సిరాగ్గా ఉంటాదో ఇప్పుడు తెలిసింది."

"నువ్వేగా ఆపమన్నావు? సరే, అసలు రాయే వద్దంటాను. నువ్వు గెలిచినావు."

"తప్పు పేరు ఆపమన్నాను."

"ఇందాక ప్రాణం చలిలో ఉండిపోతుందన్నావు, దొంగ అన్నావు."

"అన్నాను. అయన్నీ నోటికొచ్చిన మాటలు. ఇది కడుపులో మాట. రాయి ఉండాల. పైడిరాజు అనుండాల. మన ఆకుల్లో కూడా ఆడికి ఆకు నేదే. పైడిరాజు పేరు సెప్పి వడ్డిస్తే తాత పేరనుకుంటున్నారు అందరూ. ఎనభై యేల్లుగా ఆడు ఆకలితో ఉన్నాడు."

"ఐసీ పోతే ఏం చేస్తావు?"

"పోతే పోనీ. ముప్పై నాలుగేల్లు భయపడినాను. ఏటి మిగిలింది? బీపీ మాత్రలు."

"నీది సరే. నాది?"

"నీ పేరు ఎక్కడా రాదు. సెప్పింది నాను. ఎవుడైనా వత్తే నా దగ్గిరికి రమ్మను. తలుపు తీసి కూసోబెడతాను, టీ కూడా ఇత్తాను, మల్లీ ఇదే మాట సెప్తాను."

"అమ్మా, ఫోన్ మోగుతోంది."

"ఇనిపిత్తంది. స్పీకరు పెట్టు."

"ఒక్కసారి ఆలోచించు."

"పెట్టంటే పెట్టు."

"హలో మార్గరెట్. అవును, అమ్మ పక్కనే ఉంది."

"ఏటంటంది?"

"నిన్ను బాగున్నారా అంటోంది. అక్కడ వాన అంట. ఇక్కడ కూడా వానా అని అడుగుతోంది."

"వాన సంగతి తరవాత. పేరు సెప్పు."

"చెప్తున్నా, ఉండు."

"మొత్తం సెప్పు. పుస్తకం, జపానోడు, ఐసీ, అన్నీ."

"చెప్తున్నానమ్మా, రెండు చెవుల్లో ఇద్దరు మాట్లాడితే ఎలా?"

"అయిందా?"

"చెప్పేసినాను."

"ఏటా సప్పుడు? పెట్టీసిందా?"

"లేదు. ఏడుస్తోందనుకుంటా."

"పావం. ఏడుపు తరవాత ఏడవొచ్చు, ముందు రాసుకోమను. రాయి సెక్కేవోడికి ఇప్పుడే సెప్పమను."

"అతను వాళ్ళింటి ఎదురిల్లేనట. కిటికీలోంచి కేకేసి చెప్పిందిప్పుడే. పైడిరాజు. ఒక్కో అక్షరం నేను పలికితే ఆవిడ మళ్ళీ పలికింది."

"సరిగ్గా పలికిందా?"

"మన ఆఫీసు కౌంటర్ల దగ్గర పలికేవాళ్ళకంటే బాగానే పలికింది."

"ఇంకేటంటంది?"

"వాళ్ళు ఇరవై మూడు పేర్లకీ ఒక పుస్తకం వేస్తున్నారు కదా, ఇది కూడా అందులో పెడతారట. ఎవరు చెప్పినారని రాయాలి అంటోంది."

"రత్నావతి అని రాయమను. మునుసామి కూతురు, అచ్చయ్య మనవరాలు. బంటింగ్."

"మార్గరెట్ నీకు థాంక్స్ చెప్తోంది. ఎంతో ధైర్యం కావాలి అంటోంది."

"ధైర్యమేటి, తలుపు ఇంకా మూసే ఉంది. అది ఆమెకి కనపడదు."

"రాయి మీద పేరు కింద ఒక్క వాక్యం వేస్తారట. రాసింది, చదువుతోంది. విను."

"ఊఁ."

"బాగుంది కదమ్మా?"

"మద్దిలో ఒక మాట అంది. విల్లింగ్లీ. ఏటది?"

"ఇష్టపడి. తనంతట తాను. 'అన్నకి బదులుగా ఇష్టపూర్వకంగా వెళ్ళినవాడు' అని రాసింది."

"ఆ మాట ఎవురు సెప్పినారు?"

"నువ్వే. ముందుకెళ్ళి పలికినాడన్నావు కదా."

"ముందుకెల్లినాడన్నాను. ఇష్టపడి అన్నానా?"

"అదే కదా అర్థం. లేకపోతే ఎలా వెళ్తాడు?"

"ఆ మాట కొట్టీమను."

"అమ్మా, అదే అందమైన మాట. చదివినవాళ్ళంతా దానికే ఏడుస్తారు. ఉండనీ."

"కొట్టీమను. పేరు తప్పు ఆపి, మాట తప్పు సెక్కిత్తానా?"

"మార్గరెట్ లైన్లో ఉంది. ఏమయిందని అడుగుతోంది. ఏం చెప్పను?"

"నాను సెప్పింది సెప్పినట్టు సెప్పు. ఒక్క ముక్క తగ్గించకు, ఒక్క ముక్క తియ్యన సెయ్యకు."

"సరే. చెప్పు."

"'అచ్చయ్యా' అని పిలిసినప్పుడు ఎవురూ పలకనేదు. మా తాత రబ్బరు పాలు పోసే కొట్టంలో దాక్కున్నాడు. పైడిరాజు వరసలోంచి ఎనక్కి జరిగినాడు. మా అవ్వ కన్నియమ్మ, సంకలో మూడేల్ల మా నాన్నని పెట్టుకుని, రెండో సేత్తో ఆడి ఈపు మీద ఒక్క తోపు తోసింది. అలా ముందుకొచ్చి పడి 'ఉన్నాను' అన్నాడు. ఆ తోపు వల్ల నానున్నాను, నువ్వున్నావు. అదీ రాయమను."