నీలంలో ఆగిన చెయ్యి

ఆ బొమ్మ ఎక్కడికీ పోదులే తల్లీ, గోడకి ఆనించి ఇలా వచ్చి కూర్చో. ఏమన్నాడూ ఫ్రేములు కట్టే అతను? నీలంలో పైన ఆ గీత బాగాలేదు, ఫ్రేము లోపలి అట్ట కాస్త కిందికి జరిపి కప్పేస్తానన్నాడా? మంచివాడే పాపం. కానీ వద్దని చెప్పు. ఎందుకంటావా, చెప్తాను, మధ్యలో అడ్డు రాకు, దారి తప్పితే ఎక్కడున్నానో నాకే గుర్తుండదు.

మీ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఎంతెంతవాళ్ళయ్యారో చూస్తున్నావుగా, వాళ్ళనడుగు, ఆవిడంటే ఎంత హడలో. మేడమీద గదిలోనే నేర్పేది, బొమ్మలు అచ్చుతీయడం. చట్రానికి గుడ్డ బిగించి, కింద కాగితం పెట్టి, రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క ఊపున ఇవతలికి లాగాలి. 'ఇల్లు కూలినా సరే, చెయ్యి మధ్యలో ఆగకూడదు' అనేది. ఆగితే గీత పడుతుంది. పడిందా, పిల్లలదైనా తనదైనా పరపరా చించేసేది. ఒక్కో బొమ్మా ఇన్ని కాపీలే అని తీసేది, అన్నీ ఒకేలా ఉండాలి. మా అన్నయ్య వచ్చి, కాగితం నిండా ఒట్టి నీలమే చూసి 'ఏమిటమ్మా ఇది, నీళ్ళ ట్యాంకా?' అంటే, 'అవును బావగారూ, మూత తీసి చూడండి' అనేది తల ఎత్తకుండానే. ఏం చెప్తున్నానూ... ఆఁ, గీత.

మీ అమ్మ ఇప్పుడంటే ఫోను పట్టుకుంటే వదలదు గానీ, చిన్నప్పుడు దానికి మాటే లేదు. తోటి పిల్లలు బడికి పోతున్నా ఇది ఉలకదు పలకదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. ఇరుగుపొరుగు మాత్రం మా ముందే 'మూగదా పాపం' అనేవాళ్ళు. నాకు భయంతో అన్నం సయించేది కాదు. అప్పటిదాకా మీ అమ్మమ్మ ఏడవగా నేను చూడలేదు, కానీ దానికి ముద్ద పెడుతున్నంతసేపూ పెదవుల వంకే చూసేది.

ఆ మధ్యాహ్నం గది నిండా తీగల మీద నీలం కాగితాలు ఆరుతున్నాయి. కిటికీలోంచి ఎండ వాటి మీద పడి, గోడలూ, మా చేతులూ, కింద కూర్చున్న మీ అమ్మ మొహం, అన్నీ నీలమే, నీళ్ళ అడుగున ఉన్నట్టు... ఇప్పటికీ కునుకు పడితే ఆ గదిలోకే పోతాను. ఆవిడ చట్రం మీదికి వంగి లాగడం మొదలుపెట్టింది, బెత్తెడు కూడా రాలేదు. మీ అమ్మ వేలాడుతున్న కాగితం అంచు ముట్టుకుని, తాపీగా, 'తడి' అంది. వచ్చిన ప్రతివాళ్ళకీ మీ అమ్మమ్మ చెప్పే మాటే అది, 'ముట్టుకోకండి, తడి' అని. అదే విరుపు. చెయ్యి ఆగిపోయింది. 'ఏదీ, మళ్ళీ అనమ్మా' అంది, వెనక్కి తిరక్కుండానే, తిరిగితే ఎక్కడ మాట పోతుందోనని. అది వేలికంటిన నీలం చూసుకుని మళ్ళీ అంది.

చాలాసేపటికి మీ అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని చట్రం దగ్గరికి వచ్చి మిగతాది లాగింది. అన్నిటికీ పెన్సిలుతో నంబరు వేసింది, దీనికి మాత్రం నంబరు లేదు, సంతకమే. చించేస్తుందనుకున్నాను. తెచ్చి మంచానికి ఎదురుగా తగిలించింది. పోయేరోజు దాకా పొద్దున లేస్తూనే ఆ గీత వంకే చూసేది.

అదుగో, మీ అమ్మ కిందనుంచి పిలుస్తోంది, టీ చల్లారిపోతోందని. ఉండు, పలక్కు. ఇంకోసారి పిలవనీ.