మన్నుతో పీకిన నారు

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలు. గోపాల్‌పేట దగ్గర కురుమయ్య టమాట చేను రెండెకరాలు వాడిపోయింది. వనపర్తి నుంచి పంట తెగుళ్ల మీద పరిశోధన చేసే సౌందర్య వచ్చి ఒక మొక్క పీకింది.

“చూడు కాకా. వేర్లకు బుడిపెలు.”

“ఎరువు ఎక్కువై ఉబ్బినయేమో మేడం.”

“ఎరువు కాదు. పోయిన వారం నువ్విచ్చిన వేర్లు ల్యాబుల చూసిన. నులిపురుగులు. ఉత్త కంటికి కనవడవు.”

“నులిపురుగు పట్టని రకమని విత్తనాల డబ్బ మీదనే రాసుండె. డబ్బ దాచిన. తెమ్మంటవా?”

“వద్దు. డబ్బ అబద్ధం చెప్పలే. ఆ రకంల ఒక జన్యువు ఉంటది. పురుగు వేర్ల సొచ్చి రసం వదిలితే ఆ జన్యువు గుర్తువడ్తది. గా జాగల కణాలను చెట్టే సంపుకుంటది. పురుగుకు తిండి దొరకదు, సస్తది.”

“మరి గిప్పుడు చెట్టు నిద్రవోయిందా?”

“గుర్తువట్టలే. నీ చేన్ల పురుగుల జన్యువులు మారినయి. ఎన్ని పంటలు ఇదే రకం పెట్టినవ్?”

“రెండు... మూడు.”

“కాకా.”

“ఎనిమిది. మంచిగ కాస్తుండె. కాసేదాన్ని ఎందుకు మారుస్త?”

“ఎనిమిది పంటలల్ల చెట్టు పట్టుకున్నవి సచ్చినయి. దొరకనివి ఏవో కొన్ని మిగిలినయి. వీటికి మగదానితోటి పని లేదు. తల్లి ఎట్లుంటే పిల్లలు గట్లనే. ఒక్కోటి వందల గుడ్లు పెడ్తది.”

“మందు కొడితే?”

“తగ్గుతది. మన్నులకెళ్లి పోదు. మన్ను ఎటు పోతే గటు పోతది. ముందుగాల ఇది చెప్పు. ఈ చేన్లకెళ్లి బయటికేమన్న పోయిందా?”

“ఏం పోతది? ట్రాక్టరు నాదే. ఎవ్వరికియ్య.”

“నారు?”

“ఎండ చూడు ఎట్లుందో. చాయ తాగుతవా మేడం?”

“గా మూలకు నారుమడి ఉండె గద. ఖాళీ అయింది.”

“...మా చెల్లెకు ఇచ్చిన. యాదమ్మకు. పెద్దమందడిల ఉంటది.”

“ఎంత?”

“ఎకరానికి మించే. పదేండ్లు బొంబాయిల కంకర మోసింది, మేడం. ఇగ వోనని ఎకరం కౌలుకు వట్టింది. ఇదే మొదటి పంట. మా ఇంట్ల మొదటి నారు ఆడపిల్లకే పోతది, నాయిన కాలంకెళ్లి.”

“ఎట్ల పీకినవ్?”

“నారు పచ్చగనే ఉండె.”

“నారుల పైకి తెల్వదు కాకా. ఎట్ల పీకినవ్?”

“వేరుకు మన్ను వట్టుకునేటట్టు. ఉత్త వేరైతే వాడుతదని. తడి గోనె కప్పి పంపిన. మా చేన్లది నాలుగు సంచుల మన్ను గూడ పంపిన. బలమైన మన్ను గద.”

“ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం ఆటోకు.”

“ఫోన్ చెయ్యి. నాటొద్దని చెప్పు. జల్ది.”

“ఏమని చెప్పాలె దానికి?”

“నాటొద్దని. అంతే. స్పీకర్ పెట్టు.”

“హలో, యాదమ్మా...”

“అన్నా! నేనే చేద్దామనుకుంటున్న. ఒక్క మొక్క వాడలే, తెలుసా?”

“యాదమ్మా, ఇను. నాటకు. ఆగు.”

“ఇంకేం ఆగుడు? ఆరింటికి మొదలువెడితే పదింటికి అయిపోయింది. నీ మన్ను మొదళ్లకు వోసి నీళ్లు ఇడిసినం. ఎక్కువున్న నారు పొద్దుగాలనే పక్క చేన్లోళ్లకు నలుగురికి పంచిన. వాళ్లు గూడ నాటిన్రు.”