చేట సినిమా

నూకరత్నమని ఒకావిడ డేరా సినిమా ఆడించేదంట. మొగుడు పోయాక మిషనూ డేరా తనే చూసుకునేది. ఆట మొదలయ్యేదాకా వేరుశనక్కాయలు వేయించి, చేటలో చెరిగి అమ్మేదనుకోండి. మా ఊళ్ళో డేరా వేసిన రోజే ప్రెసిడెంటు తమ్మిరాజు చెప్పేశాడంట, ఆడాళ్ళు కూర్చున్న చోట ఎబ్బెట్టు బొమ్మ ఒక్కటి పడిందా, డేరా పీకించేస్తా, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ నీకు చోటుండదు అని. ఆవిడకి ఆ డేరా తప్ప ఇల్లూ లేదు, వాకిలీ లేదు. పీకేస్తే ఎక్కడికి పోతుంది చెప్పండి.

ఏమైందంటే, ఆ శుక్రవారం భక్తి సినిమా అని టముకు వేయించింది. ఆడాళ్ళు తలంట్లు పోసుకుని, తెరమీద దేవుడు కనపడగానే వెలిగించడానికి హారతి కర్పూరం కూడా కొంగున కట్టుకొచ్చారు. మధ్యలో తడిక. ఇటు మొగాళ్ళు, అటు ఆడాళ్ళు. బస్సులో వచ్చిన పెట్టె విప్పి రీలు ఎక్కించింది. దేవుడు రాలేదు. పడవ పగిలి, ఒక తెల్ల దొరసాని ఏదో లంక ఒడ్డున పడుంది. ఒంటిమీద బట్ట అంతంతమాత్రం. ఏ దేశంవాళ్ళు ఎప్పుడు తీశారో గానీ, పెట్టె మారిపోయింది. ఆపితే జనం ఊరుకోరు, ఆడిస్తే ప్రెసిడెంటు ఊరుకోడు. ఈలోగా దొరసాని ఉన్న బట్టా విప్పబోయింది. ఈవిడ చేతికందిన చేట తీసి మిషను ముందు అడ్డం పెట్టేసింది. తెరంతా చీకటి. ఒకటే ఈలలు. అప్పుడు మైకు అందుకుని ఏమందీ? "అమ్మా, అయ్యా, ఆ పిల్ల మొగుణ్ణి వెతుక్కుంటూ సముద్రాలు దాటొచ్చింది. పాపం తడిసిపోయింది, బట్ట మార్చుకుంటోంది. మనింటి పిల్లయితే అలా చూస్తామా?" అంది. సిగ్గేసింది మరి, ఈలలు ఆగిపోయాయి.

చేట తీసింది. ఏనుగులొచ్చాయి, పులొచ్చింది. దొరసాని తన భాషలో ఏదో అంటుంది, నూకరత్నం మన భాషలో ఇంకేదో చెబుతుంది. ఎబ్బెట్టు వస్తే మళ్ళీ చేట. చేట ఉన్నంతసేపూ నోరు ఆగకూడదు కదా, అందుకని కష్టాలు చెప్పేదంట. ఒంటరి ఆడది ఊరూరా తిరగడం, తలదాచుకోను చోటడగడం, అడిగినచోటల్లా మాటపడటం. అవి దొరసాని కష్టాలేం కావు. తడిక అవతల ముక్కులు చీదుకుంటున్నారు.

నాలుగోసారి చేట పడేసరికి ప్రెసిడెంటు లేచి మిషను దగ్గరకొచ్చాడు. ఏం దాస్తున్నావు, తియ్యి చేట అన్నాడు. ఆవిడ మైకు పక్కన పెట్టి, "తీస్తాను బాబూ. మీ అమ్మగారు ముందు వరసలోనే ఉన్నారు. తియ్యమంటారా?" అంది. ఆయన వంగి చేటమీద పడ్డ వెలుతురులోకి చూశాడు. చూసి తడిక వంక చూశాడు. అవతలనుంచి ముసలమ్మ, "ఒరే తమ్మీ, ఆ పిల్లకి మొగుడు దొరకాలి, నువ్వు అడ్డం రాకు" అని కేకేసింది. ప్రెసిడెంటు, "ఉంచు, గట్టిగా పట్టుకో" అన్నాడంట. అని ఊరుకున్నాడా, ఆవిడ చెయ్యి లాగేస్తోందని కాసేపు తనే పట్టుకున్నాడు.

ఆఖర్న పడవలో ఎవడో వచ్చాడు. ఎవడైతేనేం, మొగుడే అంది నూకరత్నం. ఆడాళ్ళు కర్పూరం వెలిగించి దొరసానికే హారతిచ్చేశారు. మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటు వచ్చి, కోతలయ్యేదాకా ఉండు, ఎవరేమన్నా నాతో చెప్పు అన్నాడంట. ఆ సినిమా అసలు పేరేంటని నన్నడక్కండి. మా అమ్మ తడిక అవతల కూర్చుని చూసింది, ఆవిడకీ తెలీదు. చేట వెనకాల ఏముందో చూసినోడు ఊరు మొత్తానికి ప్రెసిడెంటొక్కడే. ఏం చూశావయ్యా అని ఎంతమంది అడిగినా, చచ్చేదాకా ఒకటే మాటంట, "పాపం, బట్ట మార్చుకుంటోందిరా" అని.