మట్టిగోడ మీద సిమెంటు

ఇంగ్లండులోని డెవన్‌లో ఓ రైతు పాత ఇంటి వంటగది. కొత్త కోడలు టామ్సిన్ అప్పుడే ఫోను పెట్టేసింది. పొయ్యి దగ్గర అత్తగారు హెస్టర్.

“ఒప్పుకున్నారత్తయ్యా! ఒప్పుకున్నారు! ఆవుల కొట్టాన్ని ఇల్లు చేసుకోవచ్చట! నాకూ మీ నాథన్‌కీ మా సొంత తలుపు, మా సొంత కెటిల్!”

“సంతోషం.”

“అంతేనా? ఓ గంతెయ్యండి!”

“పాలు పొంగుతాయి. ఫోను చేసిందెవరు?”

“కౌన్సిల్‌లో పాత కట్టడాలు చూసే ఆఫీసరు. గడ్డి దాచే అటక మా పడగ్గది. కిటికీ తెరిస్తే ఆపిల్ చెట్లు! నాథన్ అప్పుడే కొలతలు కూడా తీశాడు, నన్నే కొలబద్దలా నిలబెట్టి.”

“షరతులేమైనా పెట్టాడా?”

“ఒక్కటే. మట్టిగోడలు ఎప్పట్లాగే ఉండాలి. మట్టి, గడ్డి, పైన సున్నం, అంతే. రేపు పొద్దున వచ్చి చూసి కాగితం చేతిలో పెడతాడు.”

“రేపా?”

“రేపే. ఏం?”

“వచ్చే వారం రమ్మనకపోయావా. వాన, బురద...”

“మన ఊళ్ళో వాన తగ్గేదాకా ఆగితే నేను ముసలిదాన్నయిపోతాను. మేం హనీమూన్ నుంచి వచ్చేసరికి మీరు కొట్టం వెనకగోడకి కొత్త సున్నం కొట్టించారని కూడా చెప్పాను. మా అత్తగారి పెళ్ళికానుక అన్నాను.”

“అన్నావా.”

“అన్నాను. అత్తయ్యా, ఇటు చూడండి. అది సున్నమే కదా?”

“టీ పొయ్యనా?”

“టీ వద్దు. సున్నమే కదా?”

“పైన సున్నమే.”

“పైన?”

“ఆ పూత కింద సిమెంటు.”

“మట్టిగోడకి సిమెంటా!”

“అరవకు. నీకు చలిగాలి తగలకుండా ఉంటుందని, గట్టిగా ఉంటుందని...”

“గట్టిగానా? మట్టిగోడ తాగిన నీళ్ళు బయటికి వదలాలి కదా! సిమెంటు కప్పితే లోపలే నాని, నాని...”

“తెలుసు.”

“తెలిసే చేశారా?”

“ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు.”

“నా ఇల్లు పోయింది. ఆయనతో అబద్ధమాడింది కూడా నేనే. ఆగండి... గడ్డిమోపులు! గోడకి అడ్డంగా పేర్చేద్దాం. రేపొక్క రోజు గడిస్తే ఆ సిమెంటు నిదానంగా చెక్కించేసుకుంటాం.”

“వద్దు.”

“ఎందుకు వద్దు? చేసింది మీరు! నిజం చెప్పండి, మేం వేరు పోవడం మీకిష్టం లేదు. అంతేనా?”

“నోరు జారకు పిల్లా. ఇష్టం లేకపోతే గోడ మీద అంత ఖర్చెందుకు పెడతాను? గడ్డి కప్పినా అది ఆగదు. అడుగున మెత్తబడుతుంది. నానిన రొట్టెలా ఉబ్బుతుంది. చప్పుడే చెయ్యదు. ఓ రోజు ఉన్నట్టుండి కూలబడుతుంది. దాని పక్కన కాపురం చేస్తావా?”

“కళ్ళతో చూసినట్టు చెప్తున్నారే.”

“పాలు దించు.”

“పాలు నేను ఎప్పుడో దించాను. ఎక్కడ చూశారు?”

“మీ మామగారు ఉన్నప్పుడు ఈ ఇంటి మట్టిగోడకీ సిమెంటే పూయించారు. వెనకవైపంతా. ఇన్నేళ్ళూ రాయిలా నిలబడింది. అది చూసేగా నేనూ కొట్టానికి చేయించింది.”

“వెనకవైపంటే... మీ పడగ్గది.”

“పోయిన ఆదివారం దాకా.”

“ఆదివారం ఏమైంది?”

“చర్చి నుంచి వచ్చేసరికి బీరువా వెనక గోడ జారిపోయి ఉంది. మనిషి దూరేంత కన్నం.”

“గదిలో చలిగా ఉందని ఇక్కడ పడుకుంటున్నానన్నారు!”

“చలి నిజమే. ఆ కన్నంలోంచే వస్తోంది.”

“అయ్యో అత్తయ్యా! మాతో ఒక్క మాట అనలేదే?”

“ఎలా అనను? పొద్దున లేస్తే పాడుకుంటూ తిరుగుతున్నావు. ఇల్లు కూలుతోందమ్మా, కాస్త పాట ఆపు అని చెప్పనా?”

“నాథన్‌కి తెలుసా?”

“వాడికి చెప్తే నీకు చెప్పినట్టే కదా.”

“మరి రేపు? ఆయన వస్తే ఏం చెప్తాం?”

“ఉన్నదే చెప్తాం. ముందు నా గదిలోకి తీసుకెళ్ళి కన్నం చూపిస్తాను. తర్వాత కొట్టం గోడ దగ్గర నిలబెట్టి, ఇదీ నా నిర్వాకమే, పిల్లకేం తెలీదు అంటాను. ఆయన తిట్టడం అయ్యేదాకా నువ్వు నోరెత్తకు. అయ్యాక మీ ఇంటి ప్లాను తెచ్చి ఆయన ముందు పరుచు. అందులో నాక్కూడా ఓ గది గీయించాలి.”