మట్టెవాడ బిడ్డ

ఐతారం వరంగల్ పోతున్నరా హరిణీ? మంచిగైంది. మీ అమ్మ పైనుంచి పిలిచేదాక గిట్ల కూసో. ఏందీ, ఆడ ఏమేం సూడాలెనా? నన్నడుగుతున్నవా. నేను ఇరవైసార్లు పోయిన గని వేయిస్తంభాల గుడి సూడలె, కోట సూడలె. నాకు ఎరుకున్నది ఒక్క ఇల్లే, మట్టెవాడల సాలమ్మ ఇల్లు. నవ్వకు. నా పెండ్లాం సత్తమ్మ ఉంటె మంచిగ చెప్తుండె. మీరు కిరాయికి రాకముందే పోయింది, నువ్వు గోడమీది ఫోటోలనే సూసినవు. సాలమ్మ గూడ లేదిప్పుడు.

సత్తమ్మకు తల్లిగారిల్లు లేకుండె. చిన్నగున్నప్పుడే అమ్మానాయన పోయిన్రు, ఎవరో దూరపు చుట్టాలు సాదిన్రు. పెండ్లిజేసి పంపినంక వాళ్లు మల్ల మొకం సూడలె. గదేం పెద్ద ముచ్చట అంటవు నువ్వు. అప్పట్ల నాచారంల మా ఇండ్ల లైన్ల అందరు ఫ్యాక్టరీ పనికి జిల్లాలకెళ్లి వచ్చినోళ్లే. మూడేండ్లకో ఐదేండ్లకో ఆడోళ్లు తల్లిగారింటికి పోయి ఒడిబియ్యం పోసుకొని వస్తుండె. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు ఒడిగట్టుకొని వచ్చి, ఆ బియ్యం వండి లైన్లోళ్లను పిలిచి తినబెట్టాలె. సత్తమ్మ అందరిండ్లకు పోయి తినుడే గని, తను పిలిచుడు లేకపాయె. పక్కింటి కౌసల్యమ్మ ఊకె అంటుండె, "ఏం సత్తమ్మా, నీ ఒడిబియ్యం ఎప్పుడు తింటం?" అని. మనసుల ఏం లేకనే అంటుండె పాపం. ఈమె మాత్రం ఆ పూట అన్నం ముట్టకపోతుండె. నాకు చిరాకు లేసి ఒకనాడు అన్న, "బియ్యమే గదా, దుకాణంల రెండు కిలోలు తెస్త తీ" అని. ఎందుకన్ననో ఆ మాట. మొగోళ్ల మెదడు మోకాళ్లల్ల ఉంటది.

మల్ల నేనే, ఒకపారి సెలవు దొరికితె, భద్రకాళి గుడికి పోదాం పా అని మౌలాలిల ప్యాసింజర్ ఎక్కిచ్చిన. ఎదురుంగ సాలమ్మ కూసుంది. అప్పుడామె ఎవరో మాకేం ఎరుక. ఇంత బొట్టు, ఒళ్లె సంచి. బండి ఘట్‌కేసర్ దాటనేలేదు, షురూ జేసింది. "యాడికి బిడ్డా, తల్లిగారింటికా?" సత్తమ్మ అవునన్నది. నేను కిటికీలకెళ్లి బయటికి సూస్తున్న, నాకేం ఇనపడనట్టు. "వరంగల్ల యాడ?" అంటె కౌసల్యమ్మ నోట ఎన్నడో ఇన్న పేరు చెప్పింది, మట్టెవాడ అని. ఇగ సూడు. "మాదీ మట్టెవాడనే, ఎవరి బిడ్డవు?" ఈమె, నాయన లేడు, ఇల్లు కూలింది అని ఏదో నసిగింది. సాలమ్మ జరసేపు మొకం దిక్కు సూసింది. మల్ల ఒక్క మాట అడగలె. సంచిలకెళ్లి ఉడకబెట్టిన పల్లికాయ తీసి చేతుల పోసింది. జనగామ దాటినంక గూడ సత్తమ్మ ఆ పల్లికాయ అట్లనే పట్టుకొని కూసుంది, ఒలవలె.

వరంగల్ల దిగంగనే సాలమ్మ చెయ్యి పట్టుకుంది. "పా, ఇంటికి పోదాం." గుడికి పోవాలె అంటున్న నేను, ఎవరింటరు. వాడకట్టుల ఇజ్జత్ పోతదని నేను నాలుగడుగులు ఎనకనే నడుస్తున్న. గల్లీల ఎవరో అడగనే అడిగిన్రు, "ఎవరు సాలమ్మా?" అని. "నా బిడ్డ. నాచారంల ఇచ్చిన" అన్నది. గంతే. ఇంట్ల పీటేసి కూసోబెట్టి ఐదు దోసిళ్లు ఒడిల పోసింది. సత్తమ్మ ఏడుపు ఆపుతలేదు. "నాకు నలుగురు బిడ్డలున్నరు. నీతోని ఐదుగురైతరు. ఒడిబియ్యానికి బేసే మంచిది, ఊకో" అన్నది సాలమ్మ.

మౌలాలిల దిగినంక ఆటో అంటె ఎక్కలె సత్తమ్మ. ఒడి పట్టుకొని నాచారం దాక నడిచింది, అందరు సూడాలెనాయె. తెల్లారి వండి లైన్లోళ్లందర్ని పిలిచింది. కౌసల్యమ్మకు వద్దంటున్నా రెండుసార్లు వడ్డించింది. అటెన్క పెండ్లిళ్లకు, పండుగలకు పోతనే ఉన్నం. ఆ గుడి మాత్రం సూడలె.

సత్తమ్మ పోయి పన్నెండేండ్లు. ఆ పొద్దున సాలమ్మ కొడుక్కు ఫోన్ జేసిన. ముత్తైదువ పోతె తల్లిగారి చీర కప్పాలె గదా. మా వదినె ఒకటే తొందర, "ఆమెకు తల్లిగారిల్లేడిది, బీరువలకెళ్లి ఏదన్న తీయి" అని. ఆగున్రి అన్న. ఎండ నెత్తిమీదికొచ్చింది, అందరు నా మీద గరమైతున్నరు. అప్పుడాగింది ఆటో. ఎనభై దాటిన మనిషి, రైల్ల నిలబడొచ్చిందట. చంకల చీర. "నా బిడ్డకు మీరు కప్పుడేంది, జరుగున్రి" అనుకుంట వచ్చింది.

అంతా అయినంక ఈ అరుగు మీదనే కూసున్నం ఇద్దరం. అడిగిన నేను. "అత్తా, ఆనాడు రైల్ల ఆమె చెప్పింది అబద్ధమని నీకు ఎరుకేనా?" అని.

నా దిక్కు సూసింది. "ఏం అబద్ధం అల్లుడా?" అన్నది.

...పో బిడ్డా, మీ అమ్మ పిలుస్తున్నట్టుంది. కిటికీ పక్కన సీటు సూసుకో.